వచ్చేసారి పాపని తీసుకురాకండి

బస్సు ఎక్కి కూర్చున్నారు గాని బస్సు కదలలేదు. ఆర్టీసీ కాంప్లెక్సులో ఇంజను అలాగే వదిలేసి డ్రైవరు టీకి వెళ్ళాడు. సీటు అదురుతోంది, ఆ అదురు తొడల్లోంచి నడుముకీ నడుములోంచి పళ్ళకీ పాకుతోంది, కిటికీ ఊచ పట్టుకుంటే అదీ అదురుతోంది. సూర్యకళకి కళ్ళు మూసుకోవాలని ఉంది. మూసుకుంటే పక్కనున్న పిల్ల తిరిగి తన మొహంకేసి చూస్తుందని తెలుసు, ఇది మామూలు నిద్రా లేక ఆ పాత నిద్రా అని చూస్తుంది, అందుకని తెరిచే ఉంచింది. తెరిచి ఉంచడం కూడా ఒక పనే. మధ్యాహ్నం ఎండ ఎదుటి బస్సు అద్దం మీద పడి కంట్లో గుచ్చుతోంది. ఎవరో కమలాలు ఒలుస్తున్నారు, ఆ వాసన బాగుంది, బాగుందని తనకి తెలుస్తోంది, ఇలా తెలియడం మొదలై ఎన్నాళ్ళో కాలేదు. అయినా అలసట అలాగే ఉంది, పోలేదు, కాకపోతే ఇప్పుడది తన ఒంట్లో ఉన్న అలసట, అప్పట్లో అలసటలోనే తనుండేది. ఇలాంటివి చెబితే డాక్టరమ్మ తల ఊపుతుంది, అర్థమైందని కాదు, ఇంకా చెప్పమని.

పక్కన ధనశ్రీ, పదేళ్ళ కూతురు, ఒళ్ళో మందుల సంచి పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసి నిటారుగా కూర్చుంది. సీతమ్మధారలో క్లినిక్ మెట్లు దిగినప్పటినుంచి మాట లేదు. ఆటోలో లేదు, ఇక్కడా లేదు. ఏడుపు మొహమూ కాదు, అలకా కాదు. "వచ్చేసారి పాపని తీసుకురాకండమ్మా" అంది డాక్టరమ్మ, "మీ ఆయన్ని తీసుకురండి, లేదంటే మీ అత్తగారిని. ధనశ్రీ మిమ్మల్ని చాలా బాగా చూసుకుంది. ఇంక చాలు." ఇంక చాలు అన్నప్పుడు పిల్ల కళ్ళు ఒక్కసారి పెద్దవై మళ్ళీ మామూలుగా అయిపోయాయి. లేచి, బల్ల మీది మందులు ఒకటొకటిగా సంచిలో పెట్టి, "ఈ తెల్లది సగమే కదా మేడమ్" అని అడిగి, అమ్మ చెప్పుల్ని కాలితో ఇటు జరిపి, తలుపు తీసి పట్టుకుంది. ఆ తలుపు పట్టుకోవడం సూర్యకళకి ఇంకా కళ్ళముందే ఉంది. పదేళ్ళ పిల్ల అలా తలుపు పట్టుకోకూడదు.

"ఆకలేత్తందా ధనా?"

"నేదు."

"దాహం?"

"నాకు నేదు. నువ్వు తాగు" అని సీసా మూత తీసి చేతికిచ్చింది. ఎప్పుడూ ఇంతే. ఏదడిగినా అది తిరిగి తన దగ్గరికే వస్తుంది.

బస్సు కదిలింది. గాలి తగిలింది. ఎక్కడ మొదలైందో చెప్పండి అని డాక్టరమ్మ మొదటిసారి అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ దొరకలేదు, ఇప్పటికీ దొరకదు. చిన్నోడు పుట్టాడు. కాన్పు బాగానే అయింది. మొగపిల్లాడని మొగుడు కోటి ఊరంతా లడ్డూలు పంచాడు, పడవలో తోటివాళ్ళకి కూల్‌డ్రింకులు పోయించాడు. తను మంచం మీద పడుకుని పైన తిరిగే ఫ్యాన్ చూస్తోంది. పాలు వచ్చాయి, మరేమీ రాలేదు. బిడ్డని పక్కలో పడుకోబెడితే ఎవరిదో బిడ్డని కాసేపు చూసుకోమని ఇచ్చి వెళ్ళినట్టుండేది, ఎప్పుడొచ్చి తీసుకెళ్తారా అని ఎదురుచూసేది. ముందు నీరసం అన్నారు, తర్వాత బాలింతరాలు కదా అన్నారు, ఏడాది దాటాక ఏమీ అనలేదు. కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకోవాలంటే తడిసిన వల ఒంటిచేత్తో ఒడ్డుకి లాగినంత పని. కాబట్టి ముంచుకునేది కాదు. దాహంతోనే పడుకునేది. వచ్చిన ఆడవాళ్ళు చెవి దగ్గరికి వంగి అడిగేవారు, కోటి కొడతన్నాడేటే, తాగొత్తన్నాడేటి, ఇంకెవులైనా ఉన్నారేటి అని. ఏదీ లేదు. కోటి కొట్టడు, నోట్లో నోరు పెట్టడు. ఉంటే బాగుండేది, ఇదిగో ఇందుకు అని చూపించడానికి ఒకటుండేది. ఏమీ లేకుండా గోడకేసి తిరిగి పడుకున్న ఆడదాన్ని ఏమంటారు, కొవ్వు అంటారు. అత్త గంగాలమ్మ తాయెత్తు కట్టించింది, వేపమండలతో దిష్టి తీయించింది. కోటి వేట నుంచి వచ్చాక ఇంటికి రాకుండా ఒడ్డునే కూర్చుని, చిరగని వలలు కూడా బాగుచేసుకునేవాడు.

ఇంట్లో పని ఆగలేదు. అదే వింత. పనులు ఆగుంటే ఎవరైనా కేకలేసేవారు, తను లేచేదేమో. ఆగలేదు, ఎందుకంటే ధనశ్రీ స్టూలెక్కి అన్నం వార్చేది. తమ్ముడికి నీళ్ళు పోసేది, మోచేతితో వేడి చూసి మరీ పోసేది, ఆ మోచేయి ఎవరు నేర్పారో తెలీదు. బడికి వెళ్ళేముందు అమ్మ పక్కన కంచం పెట్టి మూత పెట్టేది, బడినుంచి వచ్చి మూత తీసి చూసేది. వీధిలో అందరూ అనేవారు, బంగారం లాంటి గుంట, పెట్టి పుట్టిందమ్మా సూరి అని. గోడకేసి తిరిగి పడుకునే ఆ మాటలు వినేది. వింటుంటే బాధ కాలేదు, హాయిగా ఉండేది. పనైపోతోంది, పిల్లాడు తింటున్నాడు, నేను లేవక్కర్లేదు అని. ఇది డాక్టరమ్మకి చెప్పడానికి ఎంత కష్టమైందో, ఆ రాళ్ళ సంగతి చెప్పడం కన్నా ఇదే కష్టమైంది.

కాన్వెంట్ జంక్షన్ దాటాక పోర్టు గోడ మొదలైంది. గోడ మీంచి బొగ్గు గుట్టలు, వెనక ఎర్ర ఖనిజం గుట్టలు, వాటి మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు. కిటికీ మూసెయ్యాలి, లేకపోతే దుమ్ము. చెయ్యి ఎత్తేలోపల ధనశ్రీ లేచి అమ్మ మీంచి వంగి కిటికీ లాగేసింది. మళ్ళీ కూర్చుని సంచి సర్దుకుంది. రాళ్ళ దగ్గరికి వెళ్ళిన రోజూ ఇలాంటి మధ్యాహ్నమే, ఎండ ఇలాగే తెల్లగా ఉంది. వెళ్ళాలని అనుకుని వెళ్ళలేదు. లేచింది, లేవగలిగిందని తనకే ఆశ్చర్యం, గుమ్మం దాటింది, ఇసకలో నడిచింది, బీచి చివర కొండ దిగి సముద్రంలోకి వచ్చే చోట నల్లరాళ్ళున్నాయి, అక్కడికి ఎవరూ రారు. అక్కడ నిలబడితే నీళ్ళు పాదాల కిందికి వచ్చి వెనక్కి పోతున్నాయి. పుట్టిందగ్గర్నుంచి ఆ చప్పుడులోనే పెరిగింది. ఆ రోజు మాత్రం అది అలిసిపోయిన వాళ్ళని పడుకోమంటున్నట్టు వినిపించింది. ఎంతసేపు నిలబడిందో తెలీదు. వెనకనుంచి పిలుపేమీ రాలేదు. పక్కన ఎవరో కూర్చున్న అలికిడి. చూస్తే ధనశ్రీ, చంకలో తమ్ముడు, పరిగెత్తి వచ్చిన రొప్పు, మొహం మాత్రం మామూలుగా పెట్టుకుని, "అమ్మా, తమ్ముడికి ఆకలేత్తంది" అంది. అంతే అంది. చెయ్యి పట్టుకోలేదు, ఏడవలేదు. తను పిల్ల వెనకే వచ్చేసింది. ఆ రోజునుంచి పిల్ల బయటికి ఆడుకోవడానికి వెళ్ళలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తనూ చెప్పలేదు, పిల్లా చెప్పలేదు, ఇద్దరూ మాట్లాడుకోనూ లేదు.

రాళ్ళ సంగతి అలాగే ఉండిపోయినా ఇంటి సంగతి పైకి వచ్చింది, బడి వైపునుంచి వచ్చింది. దేవీప్రసాద్ మాస్టారు ఒకరోజు బండి మీద ఒడ్డుకే వచ్చి కోటిని పక్కకి పిలిచారు. పాప క్లాసులో నిద్రపోతోంది కోటీ, లేపితే ఉలిక్కిపడి లేచి ముందు టైమెంతైంది సార్ అని అడుగుతోంది, ఎందుకమ్మా అంటే మా అమ్మ తిన్నాదో నేదో అంటోంది, పాపకి కాదయ్యా డాక్టరు, వాళ్ళమ్మకి చూపించు, సీతమ్మధారలో ఫలానా చోట ఒకావిడ ఉన్నారు, మంచావిడ అని చెప్పి వెళ్ళారు. కోటి ఆ మాట ఇంటికి మోసుకొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. గోడకేసి తిరిగి పడుకున్న తనకి ప్రతి మాటా వినిపించింది.

"పిచ్చి డాక్టరంటమ్మా. నలుగురూ ఏటనుకుంటారే."

"ఆ నలుగురూ వచ్చి నీ కొడుక్కి నీల్లు పోస్తారేటి?" గంగాలమ్మ గొంతు. తాయెత్తులు కట్టిన గంగాలమ్మే. ఆ తర్వాత వచ్చిన గొంతు మాత్రం తనెప్పుడూ విన్నది కాదు. "మాయమ్మ కూడా ఇలాగే గోడకేసి తిరిగి పడుకునీది కోటీ. దెయ్యమన్నారు. సీపురుకట్టలతో కొట్టించినారు. ముగ్గురు తమ్ముల్లని నానే పెంచినాను, సిన్నతనం ఎలగుంటాదో నాకు తెల్దు. ఈ గుంట సట్టి తోముతంటే నన్ను నాను సూసుకున్నట్టుంటంది. తీసుకెల్లు. పిచ్చి డాక్టరైతే పిచ్చి డాక్టరే. నానూ వత్తాను పద."

అలా మొదలైంది. మొదట్లో మాత్రలకి నిద్ర, ఒట్టి నిద్ర, తర్వాత నోరెండిపోవడం, తర్వాత ఏమీ లేదు, మానేద్దామా అనుకుంది. డాక్టరమ్మ మందులు మార్చింది, మాట్లాడించింది. ఒకసారి కోటిని కూర్చోబెట్టి అడిగింది, మీరు భయపడ్డారా అని. కోటి ఫ్యాన్ కేసి చూసి, సముద్రంలో ఇంజను ఆగిపోయినా ఇంత భయపడనేదండి అని, టవలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఒడ్డునుంచి నేరుగా ఇంటికే వస్తున్నాడు. చిన్నోడికి నీళ్ళు పోస్తాడు, కళ్ళలో సబ్బు పడి వాడు కేకలు పెడతాడు, కోటి వాడికన్నా గట్టిగా కేకలు పెడతాడు. ఒక పొద్దున్న గంగాలమ్మ కవళ్ళ చేపలు వేయిస్తుంటే ఆ వాసనకి కడుపులో కదిలింది. ఏమిటో అర్థం కాలేదు. ఆకలి. లేచి వెళ్ళి పొయ్యి దగ్గరే కూర్చుని తినేసింది, అత్త ఇంకో చేప వేసింది, ఇంకోటి వేసింది.

అందరూ మెల్లగా మారారు. ధనశ్రీ మారలేదు. తను వంట చేస్తుంటే వెనక నిలబడి స్టవ్ కట్టేసిందో లేదో చూస్తుంది. తను నవ్వితే అనుమానంగా చూస్తుంది. ఒకరోజు ఒళ్ళు మండి అరిచేసింది, "నాను బాగున్నానే, ఎల్లి ఆడుకో ఎల్లు" అని. పిల్ల వెళ్ళింది. వెళ్ళి గుమ్మంలో కూర్చుంది, వీధికి వీపు పెట్టి, ఇంట్లోకి చూస్తూ. ఆ వేళ అనుకుంది, నేను లేచాను గాని దీన్ని లేపడం నాకు చేతకావట్లేదని. అదే ఇవాళ డాక్టరమ్మకి చెప్పింది. డాక్టరమ్మ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుంది. ఏం ఆడుకుంటావు అని అడిగింది. తమ్ముణ్ణి ఆడిస్తాను అంది. నువ్వేం ఆడుకుంటావు? ధనశ్రీ ఆలోచించింది, పరీక్షలో రాని ప్రశ్నకి ఆలోచించినట్టు ఆలోచించింది, తప్పు చెప్పడం ఇష్టంలేక ఊరుకుంది. తమ్ముడు నిన్నేమని పిలుస్తాడు? అప్పుడు అమ్మకేసి చూసింది, చెప్పొచ్చా అన్నట్టు, చూసి, మెల్లగా, "అమ్మ అంటాడండి" అంది. ఇంట్లో రోజూ వినేదే. చిన్నోడికి ఏం తెలుసు, ఎవరు అన్నం పెడితే వాళ్ళే అమ్మ. ఆ చల్లటి గదిలో, బయటి మనిషి ముందు, ఆ మాట వింటే సూర్యకళకి కూర్చున్న కుర్చీ తన కింద లేనట్టయింది. భయం వేస్తుందా, ఎప్పుడు వేస్తుంది అని అడిగింది డాక్టరమ్మ. "లెక్కల పిరియడ్లో" అంది ధనశ్రీ. "అప్పుడు మామ్మ సేపలమ్మడానికి ఎల్లిపోద్దండి. అమ్మ ఒక్కర్తే ఉంటాది."

బస్సు ఆగింది. ముందు కంటెయినర్ల ట్రెయిలర్లు వరసకట్టాయి, ఎవరో హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. లోపల చెమట వాసన. తన భుజాలు లాగుతున్నాయి, ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండు, పడుకుంటానని అంటే ఈ పిల్ల వచ్చి పక్కన కూర్చుంటుంది.

"అమ్మా."

"ఏటి?"

"డాక్టరమ్మకి నా మీద కోపమొచ్చినాదా?"

"నేదే. కోపమెందుకు?"

"మరెందుకు రావద్దంది? నానేటి తప్పు సేసినాను? టేబ్లెట్లన్నీ నానే గుర్తెట్టుకుంటన్నాను గదా."

హారన్ ఆగింది. ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి కావలసిన బలం ఎక్కడుందో వెతుక్కుంటే ఎక్కడా లేదు, ఉన్నదానితోనే చెప్పాలి. "తప్పు నేదు. నాకు బాగోనప్పుడు పెద్దోల్లు సూడాల. ఎవులికీ తెల్లేదు, నువ్వు సూసినావు. ఇప్పుడు తెలిసినాది. మీ నాన్న సూత్తాడు, మామ్మ సూత్తాది. నువ్వింక సూడక్కర్లేదు."

ధనశ్రీ సంచి గుడ్డ వేళ్ళతో మెలిపెట్టింది. "మల్లీ వత్తే?"

రాదు అనబోయి ఆగింది. రాదని డాక్టరమ్మే అనలేదు. "వత్తే నాన్నకి సెప్తాను. మామ్మకి సెప్తాను. డాక్టరమ్మకి ఫోన్ సేత్తాను."

"నాకు?"

"నీకు సెప్పను."

"ఎందుకు సెప్పవు?" అని, కిటికీకేసి చూస్తూ, ముందు సీట్లో వాళ్ళకి వినపడకుండా, రెండేళ్ళలో మొదటిసారి అడిగింది. "ఆ రాల్ల కాడికి ఎల్తే?"

ట్రెయిలర్లు కదిలాయి. బస్సు ఒక కుదుపుతో ముందుకి పోయింది. సూర్యకళ పిల్ల చేతిమీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి చల్లగా, గట్టిగా ఉంది. "ఎల్లాలనిపిత్తే ఎల్లకముందే సెప్తాను. పెద్దోల్లకి. అలగని డాక్టరమ్మకి మాటిచ్చినాను. ఆ రోజు నువ్వు రాకపోతే..." అంది, ఆ మాట ఎటు పోతుందో చూసి అక్కడే ఆపేసింది. "నువ్వొచ్చినావు. అది నాకు తెలుసు. నువ్వు ఆకలని సెప్పినాది తమ్ముడి గురించి కాదని కూడా తెలుసు. కానీ అది నీ పని కాదే ధనా. తప్పు నీది కాదు, నాది కూడా కాదు, ఆ రోగానిది. నువ్వు నా కూతురివి. అంతే. ఇంకేటీ కాదు."

పిల్ల సంచికేసి చూసుకుంది. అర్థమైందో లేదో తెలీదు. తనకి మాత్రం ఇన్ని మాటలు మాట్లాడాక నోరంతా పీక్కుపోయింది. బస్సు సింధియా జంక్షన్ దాటింది, జనం దిగారు, బస్సులో గాలి ఆడింది. కొండ ఎక్కుతుంటే ఇంజను మూలుగుతోంది. మలుపు తిరిగాక కింద సముద్రం కనిపించింది, ఎక్కడివో రెండు ఓడలు లంగరేసుకుని పోర్టు లోపలికి పిలుపు కోసం నిలబడి ఉన్నాయి. కోటి ఈపాటికి ఒడ్డుకి వచ్చేసుంటాడు. బియ్యం కడగాలి. చిన్నోడి ముక్కు కారుతోంది పొద్దున్న, మందు వెయ్యాలి. ఇవన్నీ తను చేయవలసినవి, చేయగలిగినవి, ఒకదాని తర్వాత ఒకటి, ఇలా వరసగా గుర్తుకు రావడమే బాగుపడటమేమో, ఎంత నీరసంగా ఉంటుందో బాగుపడటం, ఎవరూ చెప్పరు.

తమ ఊరు యారాడలో దిగారు. బస్సు పొగ వదిలేసి వెళ్ళింది. సూర్యకళ చీర కుచ్చిళ్ళు దులుపుకుని నడక మొదలుపెట్టింది, కొంచెం దూరం వెళ్ళాక పక్కన అడుగుల చప్పుడు లేదని తెలిసి వెనక్కి చూసింది. ధనశ్రీ దిగినచోటే నిలబడి ఉంది.

"రావే."

రాలేదు.

"కాల్లు నొప్పెడతన్నాయేటి?"

లేదని తలూపింది.

"మరేటి?"

"నడవను."

"ఇల్లిక్కడే గదే, అదిగో మామ్మ అరుగు మీద కూకుంది."

"నడవను. ఎత్తుకో."

సూర్యకళకి ముందు విసుగొచ్చింది. నిజం విసుగే. రోజంతా తిరిగి నడుము లాగుతోంది, ఎండ, చెమట, ఇప్పుడిదొకటి. అంత పెద్దదానివి సిగ్గునేదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, వచ్చి ఆగింది. ఈ పిల్ల తనని ఏదైనా అడిగి ఎన్నాళ్ళయింది? వెతికితే ఒక్కటి గుర్తుకు రాలేదు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు చూస్తున్నారు. అరుగు మీంచి గంగాలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చింది.

"ఏటే, ఏటైనాది? రా, నాను తీసుకెల్తాను రా" అని చెయ్యి పట్టుకోబోయింది.

ధనశ్రీ చెయ్యి విదిలించుకుంది. సంచి ఇసకలో పడేసింది. కాళ్ళు రెండూ నేలకేసి కొట్టింది, మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది, ఏడుపు ముందు చప్పుడు లేకుండా వచ్చి తర్వాత గొంతు పగిలేలా వచ్చింది. "నువ్వొద్దు! అమ్మే ఎత్తుకోవాల! అమ్మే! నాను నడవను గాక నడవను!"

"అంత గుంటని ఎలగెత్తుకుంటాదే మీయమ్మ" అని కొళాయి దగ్గరినుంచి ఎవరో నవ్వారు. గంగాలమ్మ నవ్వలేదు. మనవరాలి ఏడుపుకేసి చూస్తూ అలాగే నిలబడింది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తనెప్పుడూ కొనుక్కోని వస్తువు చూస్తున్నట్టు. తర్వాత వంగి సంచి తీసుకుంది. "ఎత్తుకో సూరీ" అంది.

సూర్యకళ వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, పిల్ల చంకల కింద చేతులు వేసి లేపింది. ఎంత బరువు. కాళ్ళు తన మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి, ఒక చెప్పు జారి పడింది, గంగాలమ్మ తీసింది. ధనశ్రీ మెడ చుట్టూ చేతులు బిగించి తడి మొహం తీసుకొచ్చి తన మెడలో దాచేసుకుంది, ఇంకా వెక్కుతోంది, వెక్కినప్పుడల్లా ఇద్దరూ కదులుతున్నారు. ఇసకలో పాదాలు కూరుకుపోతుంటే, ఊపిరి ఎగపోస్తూ, ఒడ్డుకి లాగి పెట్టిన పడవ దాకా వెళ్ళి ఇంక చేతకాక దించేసింది. పడవ అంచు పట్టుకుని నిలబడి రొప్పింది. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగి మెల్లగా పోయాయి.

ధనశ్రీ ముక్కు చీదుకుని, మోచేత్తో మొహం తుడుచుకుని, ఇంటికేసి చూసింది, అమ్మకేసి చూసింది.

"ఇంకా రానేదు ఇల్లు" అని చేతులు చాపింది.

సూర్యకళ కొంగు నడుముకి బిగించి మళ్ళీ వంగింది.